రాజుకు పెట్టిన ఏడుపు

చరిత్ర నవల రాస్తామంటూ నా దగ్గరికి వచ్చే పిల్లలు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు. "సార్, మా కోటలోకి ఒక మంచి దయ్యం కావాలి. మామూలుది కాదు. ఐర్లండు కథల్లో ఉంటుందే, చావుకు ముందు వచ్చి గోడ అవతల ఏడ్చే ఆడది, అట్లాంటిది." నాకు ఒళ్ళు మండుతుంది. దయ్యమేమన్నా అంగట్లో బెండకాయా, తుంచి చూసి లేతది ఏరుకోవడానికి? అయినా కూర్చోబెట్టి చాయ్ పోస్తాను. ఆ ఏడ్చే ఆడదాన్ని ఈ తాలూకాల్లోకి తెచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తెచ్చాక ఏమైందో చెప్తే సగం మంది మళ్ళీ నా గడప తొక్కరు. మిగతా సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

నా పుస్తకాలెన్ని, సన్మానాలెన్ని అనేది ఇక్కడ రాయను. శాలువాలన్నీ బీరువాలో చిమ్మెటలు తింటున్నాయి. వాటికన్నా పనికొచ్చాయి, సంతోషం. ఈ పని అసలేమిటో నాకు మొదటి నవలతోనే తెలిసిపోయింది. తెలిశాక కూడా ఇన్నేళ్ళు చేశానంటే, వేరే పని చేతకాక.

యజమాని

రజాకార్ల గోల ముగిసి మిలటరీ వచ్చిన మరుసటి ఏడు నేను సూర్యాపేటలో ఒక చిన్న ప్రెస్సులో చేరాను. పెండ్లి పత్రికలు, బీడీ లేబుళ్ళు, పంచాంగాలు అచ్చువేసేవాళ్ళం. యజమాని సుబ్బరామయ్య గారు సరిహద్దు అవతల, బెజవాడ వైపు నుంచి వచ్చిన మనిషి. ఆయనకు చరిత్ర నవల పిచ్చి. తల ఆయనది, చెయ్యి నాది. గదిలో అటూ ఇటూ తిరుగుతూ కథ చెప్పేవారు, నేను రాసేవాణ్ణి.

ఆయన నవలలో ఒక కోట, ఒక యువరాజు. యువరాజు పేరు రుద్రసింహుడు. యుద్ధంలో చచ్చిపోతాడు. అంతవరకు బాగానే ఉంది. అయితే బెజవాడ పాత పుస్తకాల కొట్టులో ఆయనకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది, ఐర్లండు పల్లెటూళ్ళ నమ్మకాల మీద. ఇక మా కోటకు పట్టింది శని. ముందు ఒంటరి ముళ్ళచెట్టు వచ్చింది. దాన్ని కొడితే వంశం నాశనమట. "ఆ చెట్టు మన దగ్గర లేదండీ, తుమ్మ అని రాద్దాం" అన్నాను.

"తుమ్మచెట్టుకు గాంభీర్యం ఎక్కడ ఏడ్చిందోయ్?" అన్నారు.

నిజమే. ఊరంతా పొయ్యిలోకి కొట్టుకుపోయే తుమ్మను నరికితే రాజవంశాలు కూలేటట్టయితే, భూమ్మీద ఎప్పుడో రాజులు లేకుండా పోయేవారు. చివరికి పేరులేని చెట్టు ఒకటి పాతాం. తర్వాత దువ్వెన వచ్చింది. దారిలో పడి ఉన్న దువ్వెన ముట్టరాదట, అది ఆ ఏడ్చే ఆడదానిదట. ఆ తర్వాత ఆవిడే దిగింది. యువరాజు చావుకు ముందు కోటగోడ అవతల జుట్టు విరబోసుకొని, దువ్వుకుంటూ ఏడుస్తుంది. ఏడ్పు వినబడితే చావు ఖాయం.

"ఇదిరా అబ్బాయ్ ప్రాణం! దీని మీదే పుస్తకం నిలబడుతుంది" అని బల్ల చరిచారు.

సుబ్బరామయ్య గారిని దుర్మార్గుడని అనుకోకండి. మంచివాడు. ఇచ్చిన మాట తప్పేవాడు కాదు. ఈ పనిలో మీకు చెడ్డవాళ్ళకంటే ఉత్సాహవంతులతోనే ఎక్కువ ప్రమాదం.

మేరమ్మ

మిర్యాలగూడలో అప్పుడొక చిన్న మిషన్ దవాఖాన ఉండేది. అందులో ఒక నర్సమ్మ. తెల్లగా, పొడుగ్గా ఉండేది. ఐర్లండు నుంచి వచ్చిందని విని, ఆ నమ్మకాల సంగతి కనుక్కొని రమ్మని యజమాని నన్ను పంపారు. అందరూ ఆమెను మేరమ్మ అనేవాళ్ళు. రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి అచ్చం మా తెలుగే మాట్లాడేది. నన్ను తమ్ముడూ అని పిలిచేది.

"ఉన్నది తమ్ముడూ, మా ఊళ్ళ గట్లనే చెప్తరు. కాని అందరింటికి రాదు. పాత పెద్ద ఇంటిపేర్లోళ్ళకే వచ్చి ఏడుస్తది. మాది కౌలుకు చేసుకునే ఇల్లు. మా నాయన పోయిననాడు కిటికీ అవతల ఎవ్వలూ ఏడ్వలే."

"మరి మీ ఇంట్ల ఎవలు ఏడ్చిన్రు దొరసానమ్మా?"

"మా అమ్మమ్మ. మాటలు కట్టి ఏడ్చేది. నాయన పేరు, నాయన నాగలి, నాయన నవ్వు, అన్నీ చెప్పి ఏడ్చింది. మా చర్చి స్వాములకు అది గిట్టదు. ఆపిచ్చిన్రు. నాకు నేర్పకుంటనే పోయింది."

నాకు నవ్వొచ్చింది, మంట కూడా వచ్చింది. అక్కడా అంతేనన్నమాట. దయ్యం కూడా దొరలింటికే పోయి ఏడుస్తుంది. మా దగ్గర దొరింట చావైతే ఊరి ఆడవాళ్ళు చేతిలో పని విడిచి పోయి ఏడ్వాలి. వెట్టిలో అదీ ఒక వెట్టి. ఈ మాటే వెళ్ళి యజమానికి చెప్పి, "ఆ ఆడదాన్ని తీసేద్దామండీ, మనకు మాటలు కట్టి ఏడ్చే ఆడవాళ్ళు నిజంగానే ఉన్నారు" అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. తీసెయ్యలేదు. "అయితే ఆ మాటలు పట్టుకొచ్చి ఆ ఆడదాని నోట్లో పెడదాం. ఎవరున్నారు?" అన్నారు.

మల్లమ్మ

మా అమ్మ పుట్టిల్లు నడిగూడెం దగ్గర. మా తాత పోయినప్పుడు గొర్రెలోళ్ళ గూడెం నుంచి మల్లమ్మ వచ్చి శోకం పెట్టింది. మా వైపు చావింట్లో ఊరికే ఏడవరు. రాగం తీసి, పోయినవాళ్ళ బతుకంతా మాటల్లో కట్టి ఏడుస్తారు. మల్లమ్మ ఏడిస్తే పాడె మోసేవాళ్ళు కూడా దాన్ని ఎత్తకుండా నిలబడి వినేవాళ్ళు. దొరింటికి వెట్టి ఏడుపుకు పిలిస్తే మాత్రం కొంగు మొహాన వేసుకొని, "అయ్యో అయ్యో" అని వచ్చేసేది. ఒక్క మాట కట్టేది కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

సుబ్బరామయ్య గారూ నేనూ కోదాడలో బస్సు దిగి, పొలాల గట్ల మీద నడిచి పోయాం. చలికాలం పొద్దు. మల్లమ్మ దొడ్డి ముందు గొర్రె పిల్లలకు ఆకు వేస్తున్నది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, లింగయ్య, ఇరవై దాటినవాడు. ఎండాకాలంలో మంద దగ్గర ఉండగా లారీలో వచ్చిన వాళ్ళు ఎక్కించుకొని పోయారు. అడవిలో ఉన్న దళాలవాళ్ళకు అంబలి పోశాడని. ఎవరి లారీ అని అడిగే కాలం కాదు. అప్పటి నుంచి ఏ కబురూ లేదు. గూడెంలో అందరూ ఆశ వదులుకున్నారు, ఆమె తప్ప.

నేను వచ్చిన పని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"శోకమంటే పాటనుకున్నవా బిడ్డా? బతికున్నోనికి పెట్టరాదు, సావును పేరు పెట్టి పిలిసినట్టయితది. ఒకలకు పెట్టింది ఇంకొకలకు పెట్టరాదు. ఎవల మాటలు వాళ్ళతోనే మన్నుల పోవాలె. గందుకే నా లింగనికి అందరు ఏడ్వుమన్నా నేను ఏడుస్తలేను. ఏడ్వకుంటే ఉంటడు."

"బతికున్నవాడు కాదమ్మా, మా రాజుగారు పోయి అయిదారు వందల ఏళ్ళయింది" అన్నారు యజమాని.

"గన్నొద్దులాయెనా? మరి తల్లి ఏడ్వలేదా?"

"ఏడ్చే ఉంటుంది. ఆ మాటలు మనకు దక్కలేదు."

ఆమె ఇంకా ఒప్పుకోలేదు. అప్పుడు యజమాని లింగయ్య సంగతంతా అడిగి తెలుసుకొని అన్నారు: "అమ్మా, నాకు బెజవాడ నుంచి వరంగల్ దాకా తెలిసినవాళ్ళున్నారు. జైళ్ళలో, ఆసుపత్రుల్లో నీ కొడుకు కోసం వాకబు చేయిస్తాను. నువ్వు ఏడ్చినా సరే, ఏడవకపోయినా సరే."

ఆయన చివరి మాట కూడా నిజంగానే అన్నారు. కాని అంత మాట అన్నాక ఆమె ఎట్లా కాదంటుంది?

"నీ పిల్లల మీద ఒట్టెయ్యి సారూ." వేశారు. ఆమె చేతులు కడుక్కొని వచ్చి అరుగు మీద కూర్చుంది. "చెప్పు. గా రాజు ఎట్లుంటుండె?"

"పేరు రుద్రసింహుడు. మహావీరుడు."

"ఏం తింటుండె?"

"రాజభోజనం."

"గదేందో నాకేం తెల్సు? ఎవలంటె పాణం? కుక్కున్నదా?"

"గుర్రం ఉంది."

"దాని పేరేంది?"

సుబ్బరామయ్య గారు నా వైపు చూశారు. నేను కాగితాల వైపు చూశాను. అన్ని పేజీలు రాశాం, గుర్రానికి పేరు పెట్టలేదు. ఆ రాజుకు చలేస్తే ఏం కప్పుకుంటాడో తెలియదు. తల్లితో ఎప్పుడన్నా ఒక మాట మాట్లాడాడో లేదో తెలియదు. కోట కొలతలు మాత్రం తెలుసు! పిల్లలూ, ఇది ఒక్కటి మీ మనసులో పెట్టుకోండి. మీరు ఖాళీగా వదిలిన మనిషిని ఎవరో ఒకరు తమ సొంత సొమ్ముతో నింపాల్సి వస్తుంది.

మల్లమ్మ కళ్ళు మూసుకొని మొదలుపెట్టింది. మొదట్లో కత్తి, కోట, ఏనుగులు వచ్చాయి. గొంతులో పస లేదు. తర్వాత గొంతు మారింది.

"మంద ముంగట నువ్వు నడిస్తె మబ్బు నడిసినట్టుండె కొడుకో. అంబలి ముంత మూత తియ్యకనే పాయె కొడుకో. దులిపిన గొంగడి ఎవల మీద కప్పుదు కొడుకో. ఈనిన గొర్రె నీ చెయ్యే అడుగుతున్నది కొడుకో. జొన్నిగాడు గడపల పండి నీ అడుగు వాసన సూస్తున్నడు కొడుకో..."

గడపలో పండుకున్న కుక్క తన పేరు విని తలెత్తింది. జొన్నరంగు కుక్క. మల్లమ్మ చప్పున నోరు మూసుకుంది. నా చెయ్యి పట్టుకుంది.

"లింగని పేరు ఎత్తిన్నా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా, ఎత్తలేదు."

"జొన్నిగాని పేరు ఎత్తిన గదా! అయ్యో, నా నోరు పడిపోను, బతికున్న కొడుక్కు ఏడ్పు వెట్టిన!"

నోట్లో నీళ్ళు పోసుకొని పుక్కిలించి ఊసింది. ఎంత పుక్కిలించినా అయిపోయింది అయిపోయినట్టే. మేము ఎన్ని విధాల చెప్పినా వినలేదు.  తిరుగు బస్సులో సూర్యాపేట దగ్గర పడ్డాక యజమాని, "అయినా బంగారంరా ఆ మాటలు" అన్నారు. బంగారమే. ఆ వారమే అక్షరాలు కూర్చి అచ్చువేశాం.

జొన్నిగాడు

ఆయన ఒట్టు నిలబెట్టుకున్నారు. బెజవాడకు, ఖమ్మానికి, వరంగల్‌కు మనుషులతో కబురంపారు. ఎక్కడా లింగయ్య అనేవాడు లేడన్నారు. ఈలోగా నేను మిర్యాలగూడ పోయి మేరమ్మకు ఆ శోకం వినిపించాను. వాళ్ళ అమ్మమ్మ ఏడ్పు ఇట్లాగే ఉండేదా అని అడగాలని. నాకు కంఠతా వచ్చేసింది. దవాఖాన వరండాలో ఆమె కట్టుగుడ్డలు చుడుతూ వింటున్నది. జొన్నిగాడి దగ్గరికి రాగానే చేతులు ఆగిపోయాయి.

"మళ్ళ చెప్పు. ఆ కుక్క పేరు."

చెప్పాను.

"వానలల్ల ఒక పిలగాన్ని రోడ్డు పక్కపొంట పడున్నడని బండ్ల వేసుకొచ్చిన్రు. దెబ్బలు చీము పట్టినయి. తెలివి లేదు. పేరు అడిగితె చెప్పకపాయె. పోయేదాక ఒకటే మాట. జొన్నిగా దా, జొన్నిగా దా. నేను దోస్తును పిలుస్తున్నడనుకున్న. కుక్కనా తమ్ముడూ?"

ఆమె ఆ కట్టుగుడ్డల్లోనే మొహం దాచుకొని ఏడ్చింది. దవాఖాన వెనక నేలలో తామే పూడ్చామని చెప్పింది. రాయి మీద పేరు లేదు.

నేను వచ్చి చెప్తే సుబ్బరామయ్య గారు నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టారు. "ఒక మేలుంది. వాడు పోయింది వానల్లో. ఆమె ఏడ్చింది చలికాలంలో. తన ఏడుపు వల్ల చావలేదని తెలిస్తే ఆ తల్లికి కాస్త ఊరట. నువ్వూ ఆ నర్సమ్మా పోయి చెప్పండి. నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేదు" అన్నారు. నాకూ అదే సబబనిపించింది. చదువుకున్నవాళ్ళం కదా, ముందు వెనకలు చూసి లెక్క తేల్చాం.

మేరమ్మా నేనూ వెళ్ళాం. మల్లమ్మ సగమైపోయి ఉంది. మేరమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చొని అంతా చెప్పింది. దాచలేదు. చివర్లో, "నువ్వు ఏడ్వకముందే పోయిండమ్మా. నీ ఏడ్పు తగల్లేదు" అన్నది.

మల్లమ్మ మేరమ్మ వైపు తిరిగింది.

"ఆకలన్నడా?"

"అంబలి తాపినం. రెండు గుక్కలు తాగిండు."

"మన్నుల పెట్టిననాడు ఏడ్చినవా అమ్మా?"

"ప్రార్థన చేసిన."

"మాటలు పెట్టి ఏడ్వలే?"

"మా ఏడ్పు నాకు రాదమ్మా. వాని పేరు గూడ తెల్వకపాయె."

అప్పటికే గూడెం ఆడవాళ్ళు పోగయ్యారు. లింగయ్య గొంగడి తెచ్చి వాకిట్లో పరిచారు. చుట్టూ కూర్చున్నారు. తల్లి ఉంటే తల్లే ముందు శోకం ఎత్తుకోవాలి. ఆమె ఎత్తుకోకుండా ఎవరూ నోరు తెరవరాదు. అది వాళ్ళ పద్ధతి.

మల్లమ్మ ఎత్తుకుంది. "కొడుకో... మంద ముంగట నువ్వు..." ఆగింది. "ఇది రాజుది" అన్నది. మళ్ళీ ఎత్తుకుంది. "అంబలి ముంత..." తల అడ్డంగా ఊపింది. "ఇదీ రాజుకే పాయె." గొంగడి మీద చెయ్యి పెట్టి నిమిరింది. నోరు తెరిచింది, మూసింది. జొన్నిగాడు వచ్చి గొంగడి వాసన చూసి దాని మీద పడుకున్నాడు.  

"ఉన్నయన్ని ఇచ్చేసిన. నా కొడుక్కు ఏమున్నది బిడ్డా?"

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకొని కూర్చున్నారు. అంతమంది ఏడ్చేవాళ్ళున్న వాకిలి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. పొద్దు గూకాక ఒక్కొక్కరే లేచి పోయారు. లింగయ్యకు ఏడ్పు లేకుండానే అయిపోయింది.

పని గురించి

సుబ్బరామయ్య గారు ఆ శోకం అచ్చయిన కాగితాలన్నీ తీసేయించారు. నష్టమని ఎవరో అంటే కసిరారు. శోకం లేకుండానే నవల వచ్చింది. ఎవరూ చదవలేదు. ఆ తర్వాత ఆయన పంచాంగాలు తప్ప ఇంకేమీ వేయలేదు. నేను మాత్రం వేరేవాళ్ళకు రాస్తూ పోయాను. రాజులను చంపాను, కోటలు కూల్చాను, జనం మెచ్చుకున్నారు. దానివల్ల ఏ ఊళ్ళో ఎవరికి ఏం ఒరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మీకు చెప్పేదేమిటంటే, ఐర్లండు నుంచి తెచ్చుకోండి, అడ్డు చెప్పను. కాని నమ్మకం అనేది గోడకు కొట్టే రంగు కాదు. దాన్ని నమ్మినవాళ్ళు దాంతో బతుకుతారు, దాంతోనే చస్తారు. మేరమ్మ ఊళ్ళో ఏడుపును స్వాములు ఆపారు. మా ఊళ్ళో ఇప్పుడు మైకు పెడుతున్నారు, బ్యాండు పెడుతున్నారు. శోకం పెట్టేవాళ్ళు లేరు. మీరొచ్చి నన్ను దయ్యాలు అడుగుతారు. ఏ దయ్యాన్ని ఇవ్వమంటారు?

ఇంకొకటి ఉంది. దీన్ని నేను ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు.

తీసేసిన కాగితాల్లో ఒకటి పట్టుకొని నేనొక్కణ్ణే మళ్ళీ పోయాను. ఆ మాటలు ఆమెకు తిరిగి ఇవ్వచ్చనుకున్నాను. మల్లమ్మ అరుగు మీద ఉంది. జొన్నిగాడు లేడు, మంద అమ్మేసింది. కాగితం ఆమె ఒళ్ళో పెట్టాను.

"పెద్దమ్మా, పుస్తకంల నుంచి తీసేసినం. ఇప్పుడు ఇవి రాజుకు లేవు. నీ మాటలు నీవే. నీ లింగనికి పెట్టుకో."

"పెట్టినంక ఎట్ల తీస్తరు బిడ్డా? రాజుతోని పోయినయి గదా."

అప్పుడు చెప్పాను. చెప్తే ఆమె మాటలు విడుదలవుతాయనుకున్నాను. "రాజు లేడు పెద్దమ్మా. ఎన్నడూ లేడు. పుట్టలే, సావలే. మేమే పుట్టించినం."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. తిడితే బాగుండేది.

"లేనోనికి పెట్టిన్నా?" అన్నది. కాగితాన్ని మెల్లగా మడిచి నా చేతిలో పెట్టింది. "తల్లి ఏడ్పు దక్కని రాజు ఎవలో ఉన్నడు, నా కొడుకు మాటలు వానికన్న ముట్టినయి అనుకుంట కూసున్న. గా రాజన్న ఉంటె బాగుండు బిడ్డా."